చివరి పదహారు పేజీలు

ఉదయగిరి కొండ మొదలుకొని ఆత్మకూరు బస్టాండు దాకా ఎవరినైనా నిలబెట్టి అడగండి, ఆ నవల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చెబుతారు. నలభైసార్లు చదివాను. ఏ పేజీ ఏ మాటతో మొదలవుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. రాసినాయన బతికుండి ఎక్కడైనా ఒక వాక్యం మరిచిపోతే, నా దగ్గరికి వచ్చి అడిగి రాసుకుపోవాల్సిందే. నవల పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు అటక మీంచి దాన్ని దింపి, చివరి పేజీలు తిప్పి, నన్ను ఈ మొదటి పేరాలోనే పట్టుకుంటారు. కాస్త ఓపిక పట్టండి. నేనే పట్టుబడతాను.

కథ చెప్పడం కష్టం కాదు. కరువు వచ్చిన ఊళ్లో మొగుడు పని వెతుక్కుంటూ పోతాడు. మళ్లీ రాడు. పెళ్లాం ఒక కుక్కతో, గొర్రెల మందతో మిగిలిపోతుంది. ఏడేళ్లు ఆ మందను తోలుకుని కొండలెక్కి దిగుతుంది. ఏడేళ్ల తర్వాత ఒకనాటి మధ్యాహ్నం మొగుడు వచ్చి వాకిట్లో నిలబడతాడు. ఇంతే. మెట్ట పొలాలు, గొర్రెలు తప్ప వేరే ఆస్తి లేని మావైపు వాళ్లకు ఇది నవలలా ఉండదు, పక్కింటి సంగతిలా ఉంటుంది.

నేను దాన్ని చదివింది నా కోసం కాదు. నాకు ఇరవై మూడేళ్లప్పుడు, డిగ్రీ మధ్యలో మానేసి తిరుగుతుంటే, మా మేనమామ నన్ను కలిగిరి దారిలో ఉన్న తన పొగాకు షెడ్డులో పెట్టాడు. బట్టీ వేడికి కాల్చి ఆరబెట్టిన ఆకును ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగును బట్టి ఏరేవాళ్లు. నిమ్మపండు రంగుది ఒక కుప్ప, నారింజ రంగుది ఒక కుప్ప, మాడినది ఇంకో కుప్ప. వాళ్లు మాటల్లో పడితే చేతులు ఆగుతాయని మామ బాధ. వాళ్లను మాట్లాడకుండా చూడటం నా ఉద్యోగం. పద్దెనిమిది మంది ఆడవాళ్లను మాట్లాడకుండా చూడటం ఎవరివల్ల అవుతుందో నాకు తెలియదు. నావల్ల కాలేదు. వారం రోజులు పోరాడి ఓడిపోయి, ఎనిమిదో రోజు ఒక పుస్తకం తెచ్చి ఆకు బేలు మీద కూర్చున్నాను.

ఒకటే కట్టడి పెట్టాను. చేతులు ఆగితే చదువు ఆగుతుంది. చేతులు కదులుతున్నంతసేపూ నా నోరు కదులుతుంది. అంతే, షెడ్డులో ఆకు గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. మూడో రోజు మామ తొంగిచూసి, వెళ్లిపోయి, సాయంత్రం నాకు గొంతు తడుపుకోవడానికి చెంబెడు మజ్జిగ పంపించాడు. ఆ చుట్టుపక్కల షెడ్లలో చదివేవాడికి మజ్జిగ పంపించడం అప్పటి నుంచే మొదలైందని నేను అందరికీ చెబుతుంటాను. మిగతా షెడ్లలో చదివేవాళ్లే లేరు. అది వేరే సంగతి.

సీజను ఆఖరి రోజున ఆఖరి అధ్యాయం వచ్చింది. మొగుడు వాకిట్లో నిలబడ్డాడు. కుక్క పడుకున్న చోటి నుంచి లేవలేదు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను గటగటా తాగాడు. ఆమె చెంబు తీసుకుని, "నీళ్లు తాగినావు గదా. ఇంక పో" అంది.

షెడ్డులో పద్దెనిమిది జతల చేతులు ఆగిపోయాయి. ఆ సీజను మొత్తంలో చేతులు ఆగింది ఆ ఒక్కసారే.

ఆ మాట షెడ్డులో నుంచి ఊళ్లలోకి పోయింది. పని లేకుండా వచ్చి కూర్చునే చుట్టానికి, ఓట్లప్పుడు మాత్రమే కనిపించే పెద్దమనిషికి, పొద్దుపోయాక ఇల్లు చేరే మొగుడికి, మావైపు ఆడవాళ్లు ఇప్పటికీ అదే మాట అంటారు. "నీళ్లు తాగినావు గదా, ఇంక పో." అది ఎక్కడి నుంచి వచ్చిందో అనేవాళ్లలో సగం మందికి తెలియదు.

ఆ పద్దెనిమిది మందిలో ఒకామె, మూల స్తంభం దగ్గర కూర్చుని ఎవరికంటే ముందు బుట్ట నింపే అమ్మాయి, మరుసటి ఏడాది నా భార్య అయింది. మాకు దూరపు చుట్టమే. సంబంధం అడగడానికి పోయినప్పుడు, డిగ్రీ పూర్తి చేయనివాడికి పిల్లనివ్వడమా అని వాళ్ల నాయన వెనకాడితే, ఈమే తలుపు చాటు నుంచి సరేనందట. కోడళ్లకు ఇప్పటికీ చెబుతుంటుంది: "ఆ నవల చూసే ఈయన్ని చేసుకున్నా. ల్యాకుంటే ఈయన్లో చూసేదానికి ఏముండాది." అలా అన్న ప్రతిసారీ నేను మీసం దువ్వుకుంటాను. దువ్వుకుంటూనే లోపల ఎక్కడో చిన్నగా వణుకుతాను. ఎందుకో చెబుతాను.

ఈమధ్య ఆ నవలను సినిమాగా తీశారు. ఆత్మకూరులో ఆడుతుందని తెలియగానే మా ఇంట్లో పండగ వాతావరణం. ఆ షెడ్డు ఆడవాళ్లలో బతికున్నవాళ్లు నలుగురు, నా భార్యతో కలిపి. అందరిలోకీ పెద్దామె గొర్రెల అవ్వ. వాళ్లది తరతరాలుగా మందలు కాచే ఇల్లు. షెడ్డు రోజుల్లో ఆమె అవ్వ కాదు, ముప్పై దాటిన గట్టి మనిషి. ఇప్పుడు చేతికర్ర, చెవికి మెషీను. కానీ నోరు అదే. ఒక వ్యాను మాట్లాడి నలుగురినీ ఎక్కించుకుని, దుత్తలూరు దాటి, ఏ.ఎస్.పేట దర్గాకు పోయే జనంతో నిండిన బస్సుల వెనకాల నిదానంగా పోయి, మ్యాట్నీకి అందుకున్నాం. దారిపొడుగునా నేను కథ గుర్తుచేస్తూనే ఉన్నాను. ఎక్కడ ఏం వస్తుందో ముందే చెబితే వాళ్లకు సుఖంగా ఉంటుందని.

సినిమా మొదలైన ఐదు నిమిషాలకే గొర్రెల అవ్వ గొంతు హాలంతా వినిపించింది.

"ఇవి మన గొర్రెలు కాదు."

"అవ్వా, మెల్లగా" అన్నాను.

"ఒళ్లంతా బొచ్చుండాది చూడు. మన గొర్రెకు బొచ్చు యాడిది? పొడుగు కాళ్లు, నున్నటి ఒళ్లు. ఇవి దుప్పట్లు కప్పుకుని వచ్చినట్టు ఉండాయి. మన ఎండలో మూడు దినాలు బతకవు."

ముందు వరసలో కుర్రవాడెవడో వెనక్కి తిరిగి, "సినిమా చూడనీ అవ్వా" అన్నాడు.

"నువ్వు సినిమా చూడు నాయనా. నేను గొర్రెల్ని చూస్తా ఉండా."

అవ్వ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నెల్లూరు గొర్రె గురించి తెలియనివాడు ఈ నవలను ముట్టుకోకూడదు. కరువు ఊళ్లో చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. హీరోయిన్ ఏడేళ్లు కొండలెక్కి దిగినా చీర ఇస్త్రీ నలగలేదు. మా మూలన కూర్చున్న ఇంకో ఆమె, "ఈమె గొర్రెల్ని కాస్తా ఉందా, గొర్రెలు ఈమెను కాస్తా ఉండాయా" అంది. నవలలో ఆమె రాత్రిళ్లు చలిమంట దగ్గర కూర్చుని గొర్రెలతో మాట్లాడుతుంది, అవే పుస్తకంలో అన్నిటికంటే బాగుండే పేజీలు. సినిమాలో అక్కడ పాట పెట్టారు. ఆమె గొర్రెలతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను ప్రతి పది నిమిషాలకూ ఒక నిట్టూర్పు విడిచాను, పక్కవాళ్లకు వినపడేలా.

చివరకు మొగుడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నా భార్య సీటులో ముందుకు జరిగి కూర్చుంది. అవ్వ చెవి మెషీను సర్దుకుంది. నలుగురి పెదాలూ ఆ మాట కోసం సిద్ధంగా ఉన్నాయి.

హీరోయిన్ అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గడప మీద నుంచి పక్కకు జరిగింది. అతను తల వంచుకుని లోపలికి వెళ్లాడు. వయొలిన్లు మొదలయ్యాయి. లైట్లు వెలిగాయి.

"నీళ్లేవి?" అంది నా భార్య.

ముందు వరసలవాళ్లు లేచి పోతున్నారు.

"నీళ్లియ్యలా. లోపలికి రానిచ్చింది." నా భార్య నా వైపు తిరిగింది. "ఏడేళ్లు కనపడకుండా పోయినోడికి దారిచ్చింది. ఇదేంది?"

ఆ ముఖం చూసి నాకు నిజంగానే కోపం వచ్చింది. హాలు బయట టీ అంగడి దగ్గర, నలుగురు ఆడవాళ్లనూ బెంచీ మీద కూర్చోబెట్టి, నేను నిలబడి మొదలుపెట్టాను. సినిమావాళ్లకు పుస్తకం అంటే భయం లేకుండా పోయిందన్నాను. రాసినాయన గుండెకాయ తీసి పక్కన పారేసి వయొలిన్లు పెట్టారన్నాను. నలభైసార్లు చదివినవాణ్ని చెబుతున్నాను, ఆ నవలకు ప్రాణం చివర్లో ఆమె అనే ఒక్క మాట అని చెప్పి, ఆ మాట చెప్పాను. చుట్టూ పదిహేను మంది చేరారు. ఇద్దరు ఫోనులో వీడియో కూడా తీశారు. నేను గొంతు ఇంకాస్త పెంచాను.

అప్పుడు టీ గ్లాసు చేత్తో పట్టుకున్న ఒకాయన, నలభై ఏళ్లుంటాయి, జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే లెక్చరరట, చాలా మర్యాదగా అన్నాడు.

"సార్, పుస్తకంలో కూడా అంతే గదా సార్."

"ఏది అంతే?"

"చివర. ఆమె పక్కకు జరుగుతుంది. ఆయన లోపలికి పోతాడు. నీళ్ల సంగతి నాకు గుర్తులేదు సార్. సినిమా వస్తా ఉండాదని పోయిన నెలే మళ్లీ చదివినా."

బెంచీ మీది నలుగురూ నా వైపు చూశారు. అక్కడ ఆపేస్తే సరిపోయేది. మనిషినన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి. నేను ఆగలేదు. "ఆ మాట పుస్తకంలో లేకపోతే సగం మీసం తీసేసి ఆత్మకూరు బస్టాండులో తిరుగుతా" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. లెక్చరర్ నవ్వి, "మీసం ఎందుకులే సార్. మా అత్తగారిది కూడా మీవైపే, దుత్తలూరు. ఆదివారం వస్తాను, పుస్తకం తెస్తాను. మీరే చూద్దురు" అని నా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

వ్యాను ఏ.ఎస్.పేట దగ్గరికి వచ్చేసరికి నా భార్య నా వైపు తిరిగింది. "నువ్వు చదివింది ఏ అచ్చు?" అంది.

"పాత అచ్చు. కొత్త అచ్చుల్లో మార్చేసుంటారు."

"రాసినాయన చచ్చిపోయినాక ఎవురు మారుస్తారు?"

"అచ్చేసేవాళ్లు."

ఆమె కిటికీలో నుంచి బయటకు చూసింది. గొర్రెల అవ్వ నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది గానీ చెవి మెషీను తీయలేదు.

ఇక నిజం చెప్పే సమయం వచ్చింది. ఆ నవలను నేను నలభైసార్లు చదవలేదు. నాలుగుసార్లు చదివాను, అందులో రెండుసార్లు షెడ్డులో, వరసగా రెండు సీజన్లు. నాలుగుసార్లూ పూర్తిగా చదవలేదు. ఆ పుస్తకం నేను కొన్నది పుస్తకాల కొట్లో కాదు, ఆత్మకూరులో పాత కాగితాలు తూకానికి అమ్మే ఒక అంగట్లో. అట్ట లేదు. చివరి పదహారు పేజీలు లేవు. అవి నాకంటే ముందే పొట్లాలుగా మారి ఎవరింట్లోకో శెనగపప్పుతో పాటు వెళ్లిపోయాయి. మొగుడు వాకిట్లో నిలబడే వాక్యంతో నా పుస్తకం అయిపోతుంది. ఆ తర్వాత కుట్టు దారాలు వేలాడుతుంటాయి.

సీజను ఆఖరి రోజున, పద్దెనిమిది మంది ఆడవాళ్ల ముందు, నేను ఆ దారాల దగ్గరికి వచ్చాను. రేపు చదువుతాననడానికి రేపు లేదు. అప్పుడు, ఇన్నేళ్లూ నాలో నేను గర్వపడుతూ వచ్చిన పని చేశాను. అర నిమిషం కళ్లు మూసుకున్నాను. సోమశిల డ్యాం గేట్లు ఎత్తినట్టు కథ నాలోకి వచ్చింది. కుక్క లేవకపోవడం, చెంబు, నీళ్లు, ఆ మాట, అన్నీ. లేని పేజీని ఉన్నట్టు చూస్తూ చదివాను.

పెళ్లయ్యాక ఆ పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఏమయ్యా అది అంటే భూమి కాగితాలు అనేవాణ్ని. నలభై ఎనిమిదేళ్లు మొలతాడుకు తాళంచెవి కట్టుకుని తిరిగిన మొగుణ్ని నా భార్య భూముల మీద ప్రేమ ఉన్నవాడిగా భావించి ఉంటుంది. నా భయం మీసం గురించి కాదు. మీసం మళ్లీ వస్తుంది. ఆ నవల చూసే చేసుకున్నానని ఒక మనిషి ఇన్నేళ్లుగా చెబుతుంటే, ఆ నవలలో ఆ మాట లేదని, నేను ఆమెకు చదివింది దొంగ ముగింపని, ఈ వయసులో, ఒక లెక్చరర్ చేత చెప్పించాలా అన్నది నా భయం.

శుక్రవారం పొద్దున నాకు పన్ను నొప్పి వచ్చింది. నెల్లూరులో చూపించుకుని రెండు రోజులుండి వస్తానన్నాను.

"ఏ పన్ను?" అంది నా భార్య.

చూపించాను.

"అది కట్టుడు పన్ను. యాడికీ పోబాక. ఆదివారం అయ్యవారు వస్తా ఉండాడు."

ఆదివారం పదకొండు గంటలకు లెక్చరర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. గొర్రెల అవ్వ అంతకు గంట ముందే వచ్చి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. మిగతా ఇద్దరిలో ఒకామెకు మోకాళ్లు, ఇంకొకామెకు మనవరాలి చెవులు కుట్టడం. రాలేకపోయారు. నా అదృష్టం, సాక్షులు ఇద్దరు తగ్గారు. లెక్చరర్ సంచీలో నుంచి కొత్త పుస్తకం తీశాడు. అట్ట మీద సినిమా హీరోయిన్, ఇస్త్రీ చీర, బొచ్చు గొర్రె.

"దీంట్లో కూడా ఆ దుప్పటి గొర్రేనా" అంది అవ్వ.

"మీరే చదవండి సార్. మీ గొంతు గురించి అక్కడ అందరూ చెప్పుకున్నారు" అని లెక్చరర్ పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూ గేటు దాకా నడిచాడు.

ఇంతకంటే మంచి అవకాశం దేవుడు ఎవరికీ ఇవ్వడు. నా చేతిలో పుస్తకం. నా ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు. ఒకరికి చదువు రాదు, ఇంకొకరి కళ్లజోడు బీరువాలో ఉంది. చదివినట్టు నటించడంలో నాకు ముందునుంచీ అనుభవం ఉంది. లెక్చరర్ గేటు దగ్గరి నుంచి తిరిగి వచ్చేలోపు చెంబు, నీళ్లు, మాట అన్నీ అయిపోతాయి. నేను గొంతు సర్దుకుని చివరి పేజీలకు తిప్పాను.

తిప్పితే, జీవితంలో మొదటిసారి, దారాల తర్వాత ఏముందో కనిపించింది.

మోసం చేయాలన్న సంగతి మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. మొగుడు వాకిట్లో నిలబడతాడు. ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉంటాయి. నోరు తెరుస్తుంది. ఏడేళ్లు గొర్రెలతో మాత్రమే మాట్లాడిన నోరు. అందులో నుంచి, మందను పక్కకు తోలేటప్పుడు వేసే కూత ఒక్కటే వస్తుంది. ఆ కూత విని కుక్క లేచి పక్కకు జరుగుతుంది. తన కూతకు తానే ఉలిక్కిపడి ఆమె కూడా పక్కకు జరుగుతుంది. ఆ సందులో నుంచి మొగుడు లోపలికి వెళతాడు. ఆమె దారి ఇచ్చిందో లేదో ఆమెకే తెలియదు. రాసినాయన అక్కడ ఆపేశాడు.

నేను గట్టిగా చదివాను. ఎక్కడా ఒక అక్షరం కలపలేదు, తీయలేదు. లెక్చరర్ వచ్చి మెట్టు మీద కూర్చోవడం కూడా గమనించలేదు.

అప్పుడు నాకు అర్థమైంది, సినిమావాళ్లు ముగింపు మార్చలేదు. చివరలో జరిగిందే చూపించారు. కానీ గొర్రెలతో మాట్లాడే ఆ రాత్రులన్నీ తీసేసి పాట పెట్టారు గదా, ఇక ఆ కూత ఎక్కడి నుంచి వస్తుంది? కూత లేకపోతే ఆమె పక్కకు జరగడం వట్టి దారి ఇవ్వడం అవుతుంది. పని అదే, పని వెనకాల మనిషి లేదు. ఇన్నాళ్లూ సినిమాలను తిట్టాను గానీ, తిట్టడానికి సరైన కారణం నాకు ఆ రోజే దొరికింది. లెక్చరర్‌తో ఆ మాట అంటే, ఆయన తల ఊపి, "ఇది మా పిల్లలకు చెబుతాను సార్" అన్నాడు. కాస్త ధైర్యం వచ్చింది.

ధైర్యం వస్తే నేను ఏం చేస్తానో ఇంతసేపూ చదివినవాళ్లకు తెలుసు.

లేచి నిలబడ్డాను. మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా భార్య ముందు అరుగు మీద పెట్టాను. పాత పుస్తకం సంగతి చెప్పాను, పొట్లాలైపోయిన పదహారు పేజీల సంగతి చెప్పాను. "ఆ నీళ్ల మాట పుస్తకంలో లేదు. ఎప్పుడూ లేదు. అది నాది. ఆ రోజు షెడ్డులో, అర నిమిషం కళ్లు మూసుకుని, కుక్కతో సహా అప్పటికప్పుడు నేనే అల్లాను. ఈ దారిపొడుగునా అందరూ వాడే ఆ మాటను రాసింది నేను. తప్పే చేశాను, ఒప్పుకుంటున్నాను. మీసం తీసేయమంటే తీసేస్తాను. నన్ను చేసుకున్నందుకు ఇప్పుడు బాధపడితే, ఆ బాధ న్యాయమే" అన్నాను. ఆ చివరి వాక్యానికి నా గొంతు కూడా కాస్త వణికింది. బాగా వచ్చింది అనుకున్నాను.

లెక్చరర్ తల దించుకున్నాడు. నా భార్య తాళంచెవి వైపు చూడనైనా చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని గొర్రెల అవ్వ వైపు తిరిగింది.

"ఇన్నావా పిన్నమ్మా?"

"ఇంటా ఉండా" అంది అవ్వ. "మెషీను బాగానే పనిచేస్తా ఉండాది."

"ఆ మాట ఈయన అల్లినాడంట."

"కుక్క కూడానా?" అంది అవ్వ.

"కుక్క కూడానంట."

అవ్వ నా వైపు చూసింది. మందలో కుంటి గొర్రెను చూసినట్టు చూసింది. "ఏందబ్బాయా, కుక్క లేవలేదు అనింది నేను గదా. ఇన్నేళ్లు పోయినోడికి కుక్క ఎట్టా లేస్తాది అని అన్నా. నువ్వు ఆ పక్కనే కూసోని, ఆఁ, కుక్క లేవలేదు అని చదివినావు."

నేను ఏదో అనబోయాను. నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్లలో నేను ఆమె నుంచి విన్న మాటల్లో అన్నిటికంటే పొడుగైంది అప్పుడు విన్నాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. దీంట్లో మాత్రం ఒక అక్షరం కలపలేదు, ఎందుకంటే రాస్తున్నప్పుడు ఆమె పక్కనే కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని చూస్తోంది.

"అర నిమిషం కళ్లు మూసుకున్నాడంట. నువ్వు కళ్లు మూసుకోలా. నీళ్లు తాగినావు, దగ్గినావు, మళ్లీ నీళ్లు తాగినావు. చెమటలు పట్టినాయి. పుస్తకంలో ఏమీ లేదని నాకు అంతకు ముందు వారమే తెలుసు. నువ్వు బీడీకి బయటికి పోయినప్పుడు తీసి చూసినా, దారాలుండాయి. ఈ మనిషి ఆ రోజు ఏం చేస్తాడో చూద్దామని ఊరుకున్నా. నువ్వేం చేసినావు? ఆమె ఏం చేసుంటాదో మీరే చెప్పండి అని మమ్మల్నే అడిగినావు. నేను మూలన కూసోని, నీళ్లిచ్చి, తాగినావు గదా ఇంక పో అంటాది అని చెప్పినా. అప్పుడు నువ్వు కాయితం మీద ఏలు పెట్టుకుని, అందులో ఉన్నట్టు, నేను అనింది నాకే చదివినావు. నేను చెప్పిన మాటను పుస్తకంలో పెట్టినాడే, మంచోడు అనుకుని చేసుకున్నా. వ్యానులో ఏ అచ్చు అని అడిగింది కూడా, నువ్వు ఎప్పుడు ఒప్పుకుంటావో చూద్దామనే. ఆ తాళంచెవి నాకెందుకు, తీసుకో. మీసం ఉంచుకో, తీసేస్తే ఇంకా ఏముండాది. ఆ మాట మాత్రం నీది కాదు. నాది."